పెట్రోలూ హైబ్రిడ్డూ మా ఆవిడా

అత్తగారు తిన్న బిస్కెట్ల పొడి కారు వెనక సీటు కుట్ల మధ్య ఇరుక్కుపోయింది. తోలు సీటు, గీత పడితే కంపెనీ వాళ్లు ఊరుకోరు. కోడలు పాత టూత్‌బ్రష్ పట్టుకుని, మోకాళ్ల మీద వంగి, కుట్టు వెంబడే పొడి అంతా బయటికి లాగుతోంది. నడుం అప్పుడే పట్టేసింది. పక్కన ఇంకా రెండు కార్లు తుడవాలి.

కార్ల పిచ్చి ఉన్నవాళ్లలో ఆమె భర్త తెలియనివాళ్లు తక్కువ. కొత్త కారు ఏది వచ్చినా దాని మంచీ చెడూ వీడియోలో చెబుతాడు, జనం విని కొంటారు. ఈసారి బాగా ఖరీదైన కార్లు చేసే కంపెనీయే కబురు పెట్టింది. వాళ్లు కొత్తగా తెచ్చిన మోడల్‌కి పై రూపం ఒకటే, లోపల సరంజామా మూడు రకాలు. ఒకటి పెట్రోలు, ఒకటి ఇంజనూ మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్, ఇంకోటి పూర్తిగా బ్యాటరీ మీద నడిచేది. మూడింటినీ తెచ్చి ఇంటి ముందు పెట్టారు. ఆదివారం షోరూమ్‌లో, జనం ముందు, లైవ్‌లో, ఏది ఎవరికి పనికొస్తుందో ఆయన తేల్చి చెప్పాలి.

చెప్పేది ఆయన, తేల్చేది ఆమె. పెళ్లయిన కొత్తలో ఆయన కెమెరా ముందు తడబడుతుంటే జాలిపడి నాలుగు మాటలు రాసిచ్చింది. అంతే, ఆ పని మెడకి చుట్టుకుంది. ఇప్పుడు కెమెరా ముందు ఒక అద్దం పెడతారు. ఆమె రాసినదంతా ఆ అద్దం మీద పెద్ద అక్షరాలతో పైకి జరుగుతూ ఉంటుంది. వెనక సీట్లో కూర్చుని ఫోనుతో దాన్ని జరిపేదీ ఆమే. ముందు ఒక్కసారి చదువుకోండి అంటే వినడు. "ముందే చదివేస్తే పస పోతుంది. అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు ఉండాలి" అంటాడు. ఆయనకి అప్పటికప్పుడు నోటికి రావడానికి ఆమె వారమంతా బుర్ర బద్దలు కొట్టుకోవాలి.

కార్లు నడిపి చూసేదీ ఆమే. ఆయన కెమెరా తిరిగినంతసేపే స్టీరింగు పట్టుకుంటాడు. పెట్రోలు పోయించాలన్నా, చార్జింగు పెట్టించాలన్నా, అత్తగారిని కళ్ల డాక్టరుకి చూపించాలన్నా తాళాలు ఆమె చేతికే వస్తాయి. పెట్రోలు బండి ఎత్తు రోడ్డు మీద హుషారుగా ఎక్కేసింది, ట్రాఫిక్‌లో ప్రాణం తీసింది. బ్యాటరీ బండి తలనొప్పి వచ్చిన రోజున కూడా హాయిగా ఉంది, కాకపోతే చార్జింగు దగ్గర పడిగాపులు పడాలి. హైబ్రిడ్ దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. సందుల్లో, సిగ్నళ్ల దగ్గర, ఆగుతూ కదులుతూ చేసే చాకిరీ అంతా మోటారుది, చప్పుడుండదు. రోడ్డు ఖాళీ అయ్యాక ఇంజను గర్జిస్తూ లేస్తుంది. అబ్బ, ఏం ఇంజను అని అప్పుడంటారు అందరూ. స్టీరింగు పట్టుకుని ఆమె ఒక్కతే పకపకా నవ్వింది. నవ్వుతుంటే కళ్లు చెమర్చాయి. తుడుచుకుందామంటే సిగ్నల్ పడలేదు. ఏడవడానికి కూడా ఎర్ర లైటు కావాల్సి వచ్చింది ఆమె బతుక్కి.

నిన్న భోజనాల దగ్గర ధైర్యం చేసి అడిగింది. "హైబ్రిడ్ గురించి నేను చెప్తానండీ. కాసేపే."

ఆయన కోప్పడలేదు, నవ్వాడు. "నువ్వా? నీ మాట మీద కార్లు కొంటారా ఎవరైనా? నీకు వెనక సీటు డైలాగుంది కదా, చాల్లే."

"వాడు చెప్తే నువ్వు చెప్పినట్టు కాదా అమ్మాయ్? మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏంటి?" అన్నారు అత్తగారు, కంచంలోంచి తలెత్తకుండానే.

ఆ డైలాగు ప్రతి వీడియోలోనూ ఉంటుంది. 'మా ఆవిడకి కార్ల గురించి ఓనమాలు తెలియవు. సీటు మెత్తగా ఉంటే అదే మంచి కారు.' అనగానే కెమెరా వెనక్కి తిరుగుతుంది, ఆమె సిగ్గుపడుతున్నట్టు నవ్వాలి. జనానికి అదంటే మహా ఇష్టం. కూరగాయల కొట్టతను కూడా "ఈ కారు మెత్తగా ఉందా అమ్మా?" అని అడుగుతాడు. మొదటిసారి సరదాకి ఆమే రాసింది. ఆ తర్వాత ఆయన ప్రతిసారీ అడిగి మరీ రాయించుకుంటున్నాడు. తన పరువు తానే తీసుకోవడం, అదీ అక్షరదోషాలు లేకుండా తీసుకోవడం, ఆమెకి రోత పుట్టించింది.

టూత్‌బ్రష్ పక్కన పడేసి, తుడిచిన సీటు మీదే కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ఆ డైలాగు దాకా వచ్చి, చెరిపేసి, ఆ చోట వేరే మాటలు కొట్టింది.

ఆదివారం షోరూమ్ కిటకిటలాడింది. ముందు వరసలో అత్తగారు, పక్కన కంపెనీ మేనేజరు. హైబ్రిడ్ వెనక సీట్లో, ఫోను ఒళ్లో పెట్టుకుని ఆమె. ఆయన మైకు పట్టుకుని దంచేస్తున్నాడు. పెట్రోలు అయింది, బ్యాటరీ అయింది. "ఈ హైబ్రిడ్ ఉందే, ఇది మీరు బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ బలాన్ని వృథాగా పోనివ్వదు, లోపల దాచుకుంటుంది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె అక్షరాలను ఇంకాస్త పైకి జరిపింది.

"ఇక మా ఆవిడ సంగతి" అన్నాడాయన. జనం అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. "తనకి కార్ల గురించి ఓనమాలు తెలియవని ఇన్నాళ్లూ మీకు చెప్పాను. అది అబద్ధం. ఈ మూడు కార్లూ నడిపి చూసింది తనే. ఇందాకటి నుంచీ నేను చెప్పిన ప్రతి మాటా తను రాసిందే. మిగతాది తనే చెబుతుంది."

చదువుతున్నంతసేపూ ఆయన మొహాన నవ్వు చెదరలేదు. తను చదివేది తను వినే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు. నోరు ఆగాక గానీ అర్థం తలకెక్కలేదు.

ఆమె వెనక తలుపు తీసుకుని దిగి, మైకు కోసం చెయ్యి చాచింది. ఇప్పుడేమనాలో తెలియక ఆయన గబుక్కున అద్దం వైపు చూశాడు. అందులో ఇంకేమీ రాసి లేదు.