జానకు అంగుళం

ముత్తుకూరు చర్చిలో ఎవరు లేచి సాక్ష్యం చెప్పినా సంఘం ఓపిగ్గా విని ఆమెన్ అంటుంది. తప్పిపోయిన మేక దొరికినా ఆమెన్, బిడ్డకు జ్వరం తగ్గినా ఆమెన్, అల్లుడు తాగుడు మానినా ఆమెన్. అదే అల్లుడు ఏటేటా మానుతున్నా ఎవరూ నొసలు ముడవరు. అటువంటి చర్చిలో సాక్ష్యం మధ్యలో ఆపించి కూర్చోబెట్టింది ఒక్క హెబ్రోనునే.

ఆపించినవాడు సంఘపెద్ద జకరయ్య. మనిషి మంచివాడే. కాకపోతే ఊరందరి మంచితనానికీ తానే కాపలా కాయాలనుకునే రకం. వేదిక పక్కన తన కుర్చీలో కూర్చుని, ప్రార్థనలో ఎవరు కళ్లు తెరిచారో చూసేందుకు తాను తెరిచి ఉంచేవాడు. పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం తొలి ఆరాధనలో హెబ్రోను లేచి నిలబడి, "పోయినేడు షోలవరంలో మోటారు పందెంలో మొదట వచ్చినాను. గీత దాటినాక బ్రేకులు పడలా. అయినా దేవుడు నన్ను బతికించినాడు" అని ఎత్తుకున్నాడో లేదో, జకరయ్య చెయ్యెత్తాడు.

"ఏ మోటారయ్యా అది? నీకు మోటారెక్కడిది?"

"నేనే కట్టినాను పెద్దయ్యగారూ. నెల్లూరు షెడ్డులో. పొడుగ్గా, సన్నంగా ఉండేది. ముందర మోటారు సైకిలు చక్రాలు, ఎనక లారీ చక్రాలు..."

చర్చి మొత్తం ఘొల్లుమంది. నవ్వు ఆగేదాకా జకరయ్య చెయ్యి దించలేదు.

"దేవుని సన్నిధిలో అబద్ధ సాక్ష్యం పలకగూడదబ్బయా. కూర్చో."

హెబ్రోను కూర్చున్నాడు. పక్కన ఆడవాళ్ల వరసలో ఉన్న అతని భార్య ఎలిశబెతు తల దించుకోలేదు గాని, చేతిలోని పాటల పుస్తకం అట్ట నలిగిపోయింది. మర్నాటి నుంచి అతనికి ఊళ్లో హెబ్రోను అనే పేరు పోయి షోలవరం అనే పేరు వచ్చింది. "ఏం షోలవరం, ఎక్కడిదాకా?" అని పిల్లాజెల్లా అడిగేవాళ్లు. సంఘంలో ఎవరూ అతన్ని మళ్లీ సాక్ష్యానికి లేపలేదు. పంపుసెట్లు బాగుచేసుకుని బతికే మనిషికి మాట పోతే పని కూడా సగం పోతుంది. కానీ అతన్ని కోసింది అది కాదు. చావు తప్పి బయటపడ్డవాడు దేవుడికి చెప్పుకోవలసిన కృతజ్ఞత గొంతులోనే ఉండిపోయింది. అన్నం మెతుకు అడ్డం పడ్డట్టు అది రెండేళ్లు అక్కడే ఉంది.

తప్పంతా ఊరిదే అనడానికి లేదు. ఆ బండిని ఊళ్లో ఎవరూ చూసిన పాపాన పోలేదు. నెల్లూరు షెడ్డులో పుట్టి, లారీ ఎక్కి, మద్రాసుకు ఇవతల షోలవరంలో పటాలం వాళ్లు వదిలేసిన విమానాల బాట మీద ఒక్కసారి పరుగెత్తింది. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి, జెండా దిగగానే తిన్నగా ఉరుకుతాయి, పావు మైలు అవతల గీతను ముందు దాటిందే గెలిచింది. దాన్ని డ్రాగ్ పందెం అంటారట. ఒక్క మలుపు కూడా లేని పందెం ఏం పందెమని ముత్తుకూరు వాళ్ల అనుమానం. గెలిచి, కట్టకు గుద్దుకుని, ముక్కు సొట్టబోయి బండి షెడ్డుకు తిరిగొచ్చింది. ఆ చలికాలమే, సాక్ష్యానికి ముందే, తుఫాను వచ్చింది.

ఉప్పునీళ్లు పొలాల్లో నిలిచాయి, గుడిసెలు లేచిపోయాయి. హెబ్రోను షెడ్డుకు పోయి తన బండిని తానే విప్పాడు. ఆ ముక్కలన్నీ తెచ్చి, అడిగిన వాళ్లకు అడిగినట్టు ఇచ్చేశాడు. ఇంజను వెంకయ్య పొలంలో నీళ్లు తోడింది, ఇప్పటికీ తోడుతూనే ఉంది. వెనక చక్రాలు కూడా అతని ఎడ్లబండికే ఎక్కాయి. చట్రం గొట్టాలు చేపలు పట్టే ముత్యాలయ్య గుడిసెకు నిట్రాళ్లయ్యాయి. ముక్కు రేకు ముత్యాలయ్య భార్య పేరమ్మ కోళ్లగూటికి కప్పయింది, పొగగొట్టాలు ఆమె పొయ్యి మీద ఎండుచేపలు వేలాడదీసే కమ్ములయ్యాయి, స్టీరింగేమో నీళ్లబానకు కుదురయి కూర్చుంది. ఇవన్నీ ఊరికి పాత జీపు సామాన్లు. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు. ముక్కలు చూసి బండిని ఊహించమంటే ఎవరి తరం?

"పోయి అడిగి తెచ్చి మళ్లా బిగించి చూపించు," అన్నది ఎలిశబెతు ఒకనాడు.

"ఇచ్చిన చేత్తో ఎట్టా అడిగేది? వెంకయ్య మడి ఎండిపోదా? ముత్యాలయ్య ఇల్లు కూలదా?"

"అయితే చిన్నది కట్టు. కోత పండగ బల్ల మీద పెడదాం."

ఆ మాటలో చాలా తెలివి ఉంది. కోత పండుగనాడు ఎవరు ఏం తెచ్చి బల్ల మీద పెట్టినా అది దేవుడి సొత్తు, తీసెయ్యడానికి ఎవరికీ అధికారం లేదు. గుమ్మడికాయను నిలబెట్టి ఎదురు ప్రశ్నలు వేసే సంఘపెద్ద ఇంకా పుట్టలేదు. పైగా ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం వేస్తారు కాబట్టి, కులమతాలు లేకుండా ఊరంతా వచ్చి చూస్తుంది.

అలా మొదలైంది. బండి ముక్కలు ఎక్కడున్నాయో అక్కడికే వెళ్లి కొలతలు తీయాలి. మొదటిరోజు ఇనపటేపు పట్టుకుని వెళితే వెంకయ్య ఇంజనుకు అడ్డంగా నిలబడ్డాడు, జప్తుకు వచ్చాడనుకుని. హెబ్రోను టేపు జేబులో దాచి, జానతో కొలిచాడు. జానతో కొలిచేవాణ్ణి చూస్తే ఎవరికీ భయం ఉండదు. అసలు బండిలో జానెడు, బొమ్మలో అంగుళం. ఇదీ లెక్క. వంటింట్లో ఉన్నవాటిని కొలవడానికి ఎలిశబెతు వెళ్లింది. ఆమె మిషన్ ఆస్పత్రిలో కాన్పులు నేర్చిన మనిషి, ఆ ఊళ్లో ఆమె తొక్కని గడప లేదు. పేరమ్మ బిడ్డలందరూ ఆమె చేతుల్లోనే పడ్డారు.

"కుదురును కొలుస్తా ఉండావేందక్కా, దానిక్కూడా కాన్పు చేస్తావా?" అని పేరమ్మ నవ్వింది.

కొలతలు వచ్చాయి, పని సాగింది. ఆ పని చూడవలసిందే. చట్రం గొట్టాలకు గొడుగు కమ్ములు, ఇంజనుకు పొన్నచెక్క, పైన పాలపొడి డబ్బా రేకు తొడుగు. కాలిపోయిన మోటారులోంచి ఊడదీసిన రాగితీగ ప్లగ్గులకు పోయింది. వెనక టైర్లు పాత చెప్పుల అట్టలోంచి కోసి, బ్లేడుతో గాట్లు పెట్టాడు. ముందు చక్రాలకు ఆకులు ఒక్కొక్కటే సన్నతీగతో అల్లాడు. వేలుగోటితో పెడలు నొక్కితే లోపల తీగ కదిలి ఇంజను మీద మూత తెరుచుకోవాలి. తెరుచుకునేదాకా దాన్ని ఎన్నిసార్లు విప్పాడో అతనికే తెలియదు.

సీటు దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. అసలు సీటు తుఫానులో కుర్చీ పోగొట్టుకున్న జకరయ్యకు ఇచ్చేశాడు. వడ్రంగి దానికి నాలుగు కాళ్లు తగిలించాడు, జకరయ్య భార్య తెల్లటి మెత్త కుట్టి కట్టింది. సంఘపెద్ద కుర్చీ మీద జాన వేసి కొలిచే ధైర్యం హెబ్రోనుకు లేదు. కళ్లు మూసుకుని, జ్ఞాపకం వచ్చినట్టు చేశాడు.

అన్నీ అయ్యాక బిగించబోతే బండి కుదరలేదు. పొగగొట్టాలు చట్రం దాటి బయటికి పొడుచుకొచ్చాయి. స్టీరింగు సీటులో మనిషికి చోటివ్వనంత పెద్దదిగా ఉంది. విప్పాడు, మళ్లీ బిగించాడు. ఊహూ. హెబ్రోను గోడకు ఆనుకుని చతికిలబడ్డాడు.

"మేయ్, నాకు భయంగా ఉండాది," అన్నాడు. "ఇట్టాంటి బండిలో నేనెట్టా కూర్చున్నాను? కూర్చోలేదేమో. అందరూ అనేదే నిజమేమో."

రెండేళ్లుగా ఊరంతా నవ్వినా చలించని మనిషి నోట ఆ మాట విని ఎలిశబెతు చేతిలో పని వదిలేసింది. పక్కన కూర్చుని అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అరచేతికి అరచెయ్యి ఆనించింది. అలాగే చూస్తుండిపోయింది. అతని వేళ్లు ఆమె వేళ్లను దాటి ఒక కణుపు పైకి ఉన్నాయి.

"ఏమయ్యా," అన్నది నెమ్మదిగా. "కుదురును, కమ్ముల్ని కొలిచింది ఎవురి జాన?"

హెబ్రోను ఆమె చేతిని చూశాడు, తన చేతిని చూశాడు. తరవాత ఇద్దరూ పగలబడి నవ్వారు. చిన్న జానతో కొలిస్తే జానలు ఎక్కువ వస్తాయి, అంగుళాలూ ఎక్కువవుతాయి. ముప్పాతిక బండికి మొగుడి జాన, పాతిక బండికి పెళ్లాం జాన! హెబ్రోను పురికొస తీసి తన జానకొక ముడి చొప్పున వేసి ఇచ్చాడు. ఎలిశబెతు మళ్లీ పేరమ్మ వంటింట్లోకి దూరింది. ఈసారి పొగగొట్టాలు ఎక్కడికక్కడ అతికాయి, స్టీరింగు సీటుకు ఎదురుగా ఒద్దికగా నిలిచింది.

కోత పండుగనాడు బల్ల మీద గుమ్మడికాయలు, వడ్ల బస్తాలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు. వాటి మధ్యలో మూరెడు పైన పొడుగున్న బండి. ఆరాధన అయ్యి తలుపులు బార్లా తీయగానే వేలానికి వచ్చిన జనమంతా బల్ల చుట్టూ మూగారు.

మొదట నోరు తెరిచినవాడు వెంకయ్య. "ఇది నా పంపు ఇంజను కదా. ఈ మూలన అతుకు చూడండి, నేను రోజూ నూనె తుడిచే అతుకు ఇదే." తరవాత వెనక చక్రాలు చూసి, "ఇయ్యి నా బండియ్యే," అన్నాడు.

"ఇది నా కుదురు," అన్నది పేరమ్మ. "ఈ ముక్కున సొట్ట చూడండి, మా కోళ్లగూటి రేకుది ఇదే సొట్ట." ఆమె ఒక్కసారి ఆగి, బల్లకు అవతల ఉన్న హెబ్రోనును చూసింది. "ఇదంతా ఒకటే బండా అన్నా?"

ఆ ప్రశ్నతో చర్చిలో గుసగుసలు పుట్టాయి. జనాన్ని తప్పించుకుంటూ జకరయ్య వచ్చాడు. కళ్లద్దాలు సవరించుకుని, వంగి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఈ సీటుకు ఇన్ని బెజ్జాలేందయ్యా?"

"బరువు తగ్గేదానికి పెద్దయ్యగారూ. బరువు తగ్గితే ఉరుకు పెరుగుద్ది."

"చివరి వరసలో చివరిది సగమే ఉండాదే. అది గుంటే గాని బెజ్జం గాదు."

"అది ఏస్తా ఉంటే డ్రిల్లు విరిగింది. అట్టానే వదిలేసినాను."

జకరయ్య వేదిక దాకా నడిచి, తన కుర్చీకి కట్టిన మెత్త ముడులు విప్పడం మొదలుపెట్టాడు. ముడులు బిగుసుకుపోయి చాలాసేపు పట్టింది. హెబ్రోను జ్ఞాపకం మీద చేసింది ఆ సీటొక్కటే, అది తప్పితే మిగిలినవన్నీ ఒప్పయినా లాభం లేదు. మెత్త ఊడింది. జకరయ్య వేలితో వరసలు తడిమాడు. చివరి వరస చివరికి పోయి వేలు ఆగింది. ఆగిన చోటు నుంచి ఎంతకూ కదల్లేదు.

"బండి నిజమే అనుకో," అన్నారెవరో వెనకనుంచి. "గెలిచింది నిజమని ఏంది రుజువు?"

జకరయ్య ఇటు తిరిగాడు.

"అబద్ధం ఆడేవాడైతే పూర్తి బెజ్జం పెట్టుండేవాడు," అన్నాడు. "సగం బెజ్జాన్ని సగంగా చూపించినోడు, గెలవకుండా గెలిచినానని ఎందుకంటాడు? రెండేళ్లు ఈ మనిషి సాక్ష్యం మీద కూర్చోని, ఈ మనిషినే నోరు మూయించినాను. తప్పు నాది."

కుర్చీని రెండు చేతులా ఎత్తి తెచ్చి సంఘం మధ్యలో వేశాడు.

"ఇది నీ సీటు హెబ్రోనూ. ఆ రోజు నేను ఆపిన కాడినుంచి చెప్పు. కూర్చోనే చెప్పు."

హెబ్రోను కూర్చున్నాడు. ఒళ్లు ఆ వంపును వెంటనే గుర్తుపట్టింది. మాట రాక చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక తడబడుతుంటే, పేరమ్మ బయటికి పరుగెత్తి ఇంటికి పోయి కుదురు తెచ్చి అతని చేతిలో పెట్టింది. దాన్నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. చేతులు దాన్ని పట్టుకోగానే మాట వచ్చింది.

జెండా దిగడం చెప్పాడు, వీపు సీటుకు అతుక్కుపోవడం చెప్పాడు, పక్క బండి ముక్కు తన భుజం దగ్గర కనిపించి, మోచేతి దగ్గరికి జారి, ఆపైన కనిపించకుండా పోవడం చెప్పాడు. ఊరంతా ముందుకు వంగి వింటోంది. "నా ఇంజనుకు ఆ ఊపు ఉండాది," అన్నాడు వెంకయ్య పక్కవాడితో, తానే నడిపినట్టు. ఎలిశబెతు ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ దాచుకోవడం లేదు. బ్రేకు తొక్కితే పాదం నేలకు తగిలిన చోటికి వచ్చేసరికి హెబ్రోను కాలు చర్చి నేలను గట్టిగా తొక్కింది. కట్టకు గుద్దుకుని కళ్లు తెరిచి ఆకాశం చూసి, బతికి ఉన్నానని తెలిసి, దేవా అన్నానని చెప్పాడు.

ఆ తరవాత వేలం మొదలైనప్పుడు బండి వంతు రాగానే వేలం వేసేవాడు చుట్టూ చూసి దాన్ని వదిలేశాడు. ఎవరి వస్తువును ఎవరు పాడుకుంటారు? అది ఇంకా చర్చి అల్మారాలోనే ఉంది. పొరుగూరి వాళ్లు ఎవరొచ్చినా వెంకయ్యో పేరమ్మో ముందుగా చేతులు కడుక్కుని వెళ్లి చూపిస్తారు, చూపించిన ప్రతిసారీ పావు మైలును ఇంకొంచెం పొడిగిస్తారు.

కానీ అదంతా తరవాతి సంగతి. హెబ్రోను దేవా అన్నానని చెప్పి ఆగిన ఆ క్షణంలో, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నవాడు జకరయ్య. కూర్చోవడానికి కుర్చీ లేక ఆయన నిలబడే ఉన్నాడు.