క్లూన్‌బెగ్ పిల్లల కవరు

నేను బడికెళ్ళింది పద్నాలుగేళ్ళ దాకానే. మా బడి ఎంత ఇరుకంటే, లోపల ఒకడు తుమ్మితే ఇద్దరు వాకిట్లో వచ్చి పడేవాళ్ళు. మా మాస్టరు బెత్తం ఊపితే ఆ గాలికి పక్క పొలంలో తడి గడ్డి ఆరిపోయేది. బస్సులో ఈ మాటలు చెబితే పిల్లలు నమ్మరు, కానీ చెప్పకపోతే ఊరుకోరు. ఇరవయ్యారేళ్ళుగా క్లూన్‌బెగ్ హైస్కూలు బస్సు నాదే. పొద్దున సముద్రం ఒడ్డు ఊళ్ళన్నీ తిరిగి నలభై మందిని ఎక్కించుకొస్తాను, సాయంత్రం ఎవరి గేటు దగ్గర వాళ్ళని దింపుతాను. మధ్యలో బస్సూ నేనూ కలిసి ఓ కునుకు తీస్తాం.

ఆ ఏడు ఫిబ్రవరిలో డబ్లిన్ పెద్దలకి ఒక ఆలోచన పుట్టింది. దేశంలో చదువులు బాగుపడాలంటే ఏం చెయ్యాలో పిల్లలనే అడగాలట. అందుకు విద్యాశాఖ నుంచి ఒకావిడ ఊరూరూ తిరుగుతోందనీ, మార్చి మొదటి గురువారం మా బడికొస్తుందనీ నోటీసు అంటించారు.

నా వెనక సీటులో కూర్చునేది సైవ్. పదహారేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆ పిల్ల కూడా మోచేతుల దాకా నూనె పూసుకునే రకమే.

"జార్లాత్, తొమ్మిది నుంచి మూడున్నర దాకా బస్సులో ఏం చేస్తుంటావు?" అంది ఒకరోజు.

"దేశం గురించి ఆలోచిస్తుంటాను."

"ఆ ఆలోచన గురక మా క్లాసు దాకా వినిపిస్తోంది. ఒక పని చెబుతా, చేస్తావా?"

మా బడిలో ఫిజిక్స్ చెప్పేవాళ్ళు లేరు. ఉన్న ఒక్క టీచరమ్మా పెళ్ళి చేసుకుని కార్క్ నగరానికి వెళ్ళిపోయింది. మే నెలలోపు పిల్లలు చివరి రెండేళ్ళకీ సబ్జెక్టులు ఎంచుకోవాలి. సైవ్‌కి ఇంజినీరింగు చదవాలని ఆశ. ఫిజిక్స్ కావాలన్నవాళ్ళు దానితో కలిపి ఐదుగురు. మంగళ, గురువారాల్లో ఆ ఐదుగురినీ నేను ఫిజిక్స్ చెప్పే పట్నం బడికి తీసుకెళ్ళి తేవాలి. ఎలాగూ ఖాళీగా నిలబడే బస్సే కదా. అదీ దాని ఉపాయం. ఇంత సులువైన సంగతి డబ్లిన్‌లో ఒక్కడికీ తట్టలేదు.

"నేను రెడీ. డ్రైవరు ఒప్పుకున్నాడని రాసెయ్," అన్నాను.

అది ఊరికే ఉండే పిల్ల కాదు. బస్సులో సగం మంది చేత రాయించింది. పన్నెండేళ్ళు ఐరిష్ నేర్పించారు, ఇప్పటికీ ఆ భాషలో ఒక కప్పు టీ అడగడం రాదు, పద్యాలు తగ్గించి మాట్లాడ్డం నేర్పండి అని ఒకరు రాశారు. పద్నాలుగేళ్ళ చదువుని జూన్‌లో రెండు వారాల పరీక్షలతో తూకం వెయ్యడమేమిటని ఇంకొకరు. ఫెలిమ్ అనే చిలిపి వెధవ, ఆవులు కూడా తొమ్మిదింటికి ముందు తల ఎత్తవు కాబట్టి బడి పదింటికి పెట్టాలన్నాడు. మొత్తం పంతొమ్మిది కాగితాలు.

మా హెడ్‌మాస్టరు గెరాటీ సారు ఆ లోపల వేరే హడావుడిలో ఉన్నాడు. మా వైపు ఏడాదికోసారి ఒక్కో ఇంటికి ఫాదరు వచ్చి ప్రార్థన జరుపుతాడు. వంతు వచ్చిన ఇల్లు చూడాలి! గోడలకి రంగులు, తలుపులకి రంగులు, విరిగిన సామానంతా కొట్టంలోకి. మా అమ్మ ఆ హడావుడిలో ఒకసారి కోడికి కూడా సున్నం కొట్టేసింది. అది తను హంసననుకుని సరస్సులో దిగి మూడు నెలలు ఒడ్డుకి రాలేదు. గెరాటీ సారు కూడా డబ్లిన్ ఆవిడ వస్తోందంటే బడిని అలాగే సింగారించాడు. వెనకాల రేకుల గది కారుతుంటే కింద పెట్టిన బకెట్లు నా చేతే తీయించి, ఆ గదికి తాళం వేయించాడు.

గురువారం పొద్దున సైవ్ నా చేతిలో ఒక లావుపాటి కవరు పెట్టింది.

"సారు ఆవిణ్ణి ఒక్క నిమిషం వదలడు. ఆయన ఎదురుగా ఎవరూ నోరు విప్పరు. మధ్యాహ్నం నీ కారులో ఆవిణ్ణి రైలుకి దింపేది నువ్వే కదా. ఆవిడ చేతికే ఇవ్వు. ఇంకెవరికీ వద్దు."

"నా గుండెల మీద పెట్టుకుని తీసుకెళ్తాను," అని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను.

ఆవిడ వచ్చింది. మంచి మనిషే. హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి, "చదువు ఎలా ఉంది? ఏమైనా మార్చాలా?" అని ఒక్కొక్కరినీ అడిగింది. పక్కనే గెరాటీ సారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మావాళ్ళ సంగతి మీకు తెలియదు. కాలు విరిగినవాణ్ణి పలకరించినా, "పర్లేదు, రెండోది బాగుంది" అంటాడు. ఇంటికొచ్చిన చుట్టం ముందు ఇంటి లోటు చెప్పుకోవడమంటే పరువు తీసుకోవడమే. పిల్లలూ అంతే. "బాగానే ఉందండీ", "ఏం మార్చక్కర్లేదండీ" అని వరసగా అన్నారు. సైవ్ కూడా "బాగుందండీ" అంది. అని, వెనక తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు చూసి చిన్నగా నవ్వింది. అసలు మాట నా జేబులో ఉందనే ధైర్యం.

కారు తీస్తుంటే గేటు దగ్గర గెరాటీ సారు నన్ను ఆపాడు. ఆవిడ ఇంకా లోపల కోటు తొడుక్కుంటోంది.

"జార్లాత్, జేబులో ఏమిటది, అంత ఎత్తుగా ఉంది?"

కోడి హంసైందని చెప్పిన నోరు నాది. ఒక్క అబద్ధం చాలు. కానీ తల నెరిసినా మాస్టరు అడిగితే నిలువుగుడ్లు పడే బుద్ధి పోలేదు.

"పిల్లల అభిప్రాయాలు సార్. ఆవిడకి ఇమ్మన్నారు."

"ఇలా ఇవ్వు. తప్పులేమైనా ఉంటే దిద్ది, నా ఉత్తరం జతచేసి సోమవారం నేనే పంపుతాను. అప్పుడు దానికి బరువు వస్తుంది. నూట పదకొండు మంది ఉన్న బడి మనది. లోపాలు చిట్టా కట్టి పంపితే మూసెయ్యడానికి సాకు దొరికినట్టే కదా. నీకు తెలియనిదా?"

నాకేం తెలుసు? చదువుకున్నాయన చెప్పాడు, ఇచ్చేశాను.

రైలు స్టేషను దారిలో ఆవిడ అడిగింది, "మీరు రోజూ చూస్తారు కదా, పిల్లలు నిజంగానే సంతోషంగా ఉన్నారా?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోట్లోంచి మా ఊరి మాటే వచ్చింది. "వాళ్ళకేమండీ, హాయిగా ఉన్నారు."

సోమవారం అడిగితే సారు సొరుగులో కవరు చూపించి, చదివాను, పంపుతానన్నాడు. తర్వాతి సోమవారం నేను అడగలేదు. సైవ్ "ఇచ్చావా?" అన్నప్పుడు "రైలెక్కించాను" అన్నాను. ఆవిణ్ణి ఎక్కించాను కదా, అది అబద్ధం కాదని నన్ను నేనే బుజ్జగించుకున్నాను.

ఏప్రిల్ చివర్లో డబ్లిన్ నుంచి కాగితం వచ్చింది. క్లూన్‌బెగ్ పిల్లలు ఇప్పటి చదువుతో పూర్తి తృప్తిగా ఉన్నారు, మార్పులేవీ కోరలేదు, కాబట్టి కొత్త ఏర్పాట్లు అవసరం లేదు. పక్క ఊరి బడి పిల్లలు మాత్రం కారే కప్పు మొదలుకుని లేని టీచర్ల దాకా అన్నీ ఏకరువు పెట్టారట. వాళ్ళకి ఫిజిక్స్ టీచరును ఇచ్చారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా పిల్లలు అడిగారు. అడిగింది నా జేబులో నుంచి సారు సొరుగులోకి వెళ్ళింది.

ఆ సాయంత్రం సైవ్ బస్సెక్కి నా వెనక సీటులో కూర్చుంది. తర్వాత అద్దంలో నా కళ్ళలోకి చూసి అడిగింది.

"కవరు ఆవిడ చేతికే ఇచ్చావా?"

"సారు పంపుతానన్నారమ్మా..."

"సారుకి ఇవ్వడానికి నాకు కాళ్ళు లేవా జార్లాత్?"

నేను గేరు మార్చాను.

"పంతొమ్మిది మంది రాశారు. వాళ్ళకి నేను చెప్పను. నువ్వే చెప్పు."

బస్సు పక్కకి తీసి ఆపాను. లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. గేటు దగ్గర సారు ఆపడం, కవరు ఇవ్వడం, కారులో ఆవిడతో నేనన్న మాట. పిల్లలు మొదట్నుంచీ నవ్వుతూనే ఉన్నారు. నా నోటి నుంచి వచ్చేది నవ్వడానికే అని వాళ్ళకి అలవాటు.

"తర్వాత సారు ఆ కవరుకి సున్నం కొట్టాడా?" అని అరిచాడు ఫెలిమ్. బస్సంతా గొల్లుమంది.

"నిజంరా. నిజమే చెబుతున్నాను," అన్నాను. ఇంకా పెద్దగా నవ్వారు. సైవ్ ఒక్కతే నవ్వలేదు. ముందు సీట్ల వాళ్ళు దాని ముఖం చూసి ఆగారు, వాళ్ళని చూసి వెనకవాళ్ళు ఆగారు. చివరికి ఫెలిమ్ కూడా ఆగిపోయి, "మా కాగితాలు అసలు వెళ్ళనే లేదా?" అన్నాడు.

"లేదురా."

మా వైపు పిల్లలు బస్సు దిగుతూ డ్రైవరుకి థాంక్స్ చెప్పకుండా దిగరు, చంకలో పిల్లాడైనా సరే. ఆ సాయంత్రం నలభై మందీ దిగారు. ఒక్కరూ చెప్పలేదు.

సైవ్ వాళ్ళ అమ్మానాన్నలు వేసవిలోనే దాన్ని పట్నం బడిలో చేర్చారు. వారమంతా మేనత్త ఇంట్లో ఉంటుంది. సెప్టెంబరు మొదటి వారం గెరాటీ సారు హాజరు పుస్తకం పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చాడు. మనిషి నిజంగానే నొచ్చుకుని ఉన్నాడు.

"నూట పది, జార్లాత్. ఆ పిల్లకి మనం ఏం తక్కువ చేశాం? ఫిజిక్స్ కావాలని ఒక్క మాట నాతో చెప్పి ఉంటే ఏదో ఒకటి చూసేవాణ్ణి కాదూ? ఇంత చేసి పెంచిన బడిని వదిలి వెళ్ళిపోవడమేనా?"

"చెప్పింది సార్. మీ సొరుగులోనే ఉంది. మీరు చదివారు."

ఆయన పుస్తకం మూశాడు.

"అది నాకు రాసింది కాదుగా," అన్నాడు.