దారం కొరికే అలవాటు

మా పెళ్లయి డెబ్బై రెండు రోజులు. ఆ లెక్క నాది కాదు, మా ఆయనది. పొద్దున్నే క్యాలెండరు మీద ఒక చుక్క పెట్టి బస్సు తీయడానికి వెళ్తాడు. ఆయన నడిపే సిటీ బస్సులో డ్రైవరు వెనక సీటు నాదని కండక్టరుకు కూడా తెలుసు. స్నానాలగదిలో మా రెండు బ్రష్షులు ఒకే గ్లాసులో తలలు ఆనించుకుని ఉండటం చూసినా చాలు, నాకు రోజంతా బాగుంటుంది. ఇలాంటి రోజుల్లో నాకు ఇంత కోపం వస్తుందని అనుకోలేదు. అది మా అత్తయ్య పంటి చిగురు దగ్గర మొదలైంది.

అత్తయ్య టైలరు. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, గోడకు వరసగా మేకులు, మేకులకు కాగితం నమూనాలు. నలభై ఏళ్లలో ఆమె దారాన్ని కత్తెరతో తెంపింది లేదట. ఎడమవైపు పళ్ల మధ్య పెట్టి టక్కున కొరుకుతుంది. ఆ చప్పుడు వినిపించిందంటే ఒక గుండీ అయిందన్నమాట. నేను విత్తనాల పరీక్ష కేంద్రంలో పనిచేస్తాను కాబట్టి నన్ను గింజల పిల్లా అని పిలుస్తుంది. పెళ్లయిన రెండో రోజే నా నడుం కొలత తీసుకుంటూ, మావాడు నిన్ను చేటలోంచి ఏరుకొచ్చాడా, ఇలా తాలుగింజలా ఉన్నావు అంది. ఆ రోజే ఆవిడ నాకు నచ్చేసింది.

మరో రెండు వారాలకు ఆమె కింది చిగురు మీద, సరిగ్గా దారం కొరికే చోట, శనగగింజంత ఎర్రటి గడ్డ లేచింది. పళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన నోరు చూడకముందే ఏం పని చేస్తారని అడిగాడు. చెప్పింది. ఇక చూడాల్సిందేమీ లేనట్టు నవ్వి, నోరు కత్తెర కాదమ్మా అని చిన్నపిల్లను మందలించినట్టు మందలించాడు. గడ్డను గీకేసి, ఆ ముక్కను దూదితో పాటు చెత్తబుట్టలో వేశాడు. దారం వల్ల వచ్చినదానికి పరీక్ష ఎందుకని నేనూ అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నామీద నాకే మండుతోంది.

నెల తిరిగేలోపు గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి దానితోపాటు కింది పెదవి ఎడమ సగం, గడ్డం దాకా మొద్దుబారింది. టీ తాగుతుంటే చుక్కలు కారి చొక్కా గుడ్డ మీద పడేవి, ఆమెకు తెలిసేది కాదు. నా మూతి నాకే చెప్పకుండా సెలవు పెట్టింది అని నవ్వింది. పళ్ల డాక్టరేమో అది పోయినసారి ఇచ్చిన ఇంజెక్షన్ ప్రభావం అన్నాడు. నెల తర్వాత కూడానా అని అడిగితే, కొందరికి అంతే అన్నాడు. ఈసారి మాత్రం ముక్కను పెద్దాసుపత్రి లాబుకు పంపండి అని పట్టుబట్టాను. కోడలుగారికి భయమెక్కువ అని అత్తయ్య వైపు చూసి కన్నుగీటి, ఒక ఫారం నింపి పంపాడు.

రిపోర్టులో కేన్సర్ అని వచ్చింది. గ్రంథుల్లో ఉండే రకం కణాలు, బహుశా నోటిలోని లాలాజల గ్రంథిలో పుట్టి ఉండవచ్చు అని రాశారు. పెద్దాసుపత్రిలో నోటి సర్జన్ ఆ రిపోర్టు చదివి, ఎడమవైపు దవడ సగం తీసేయాలన్నాడు. ఆపరేషన్ వచ్చే సోమవారం. తర్వాత మింగడం, మాట్లాడటం మళ్లీ నేర్చుకోవాలట. అత్తయ్య అద్దం ముందు కూర్చుని అరచేత్తో సగం ముఖం మూసుకుని చూసుకుంది. మా ఆయన ఆ రోజు బస్సును రెండు స్టాపులు ఆపకుండా పోనిచ్చాడు. నలభై మంది అరిస్తేగానీ తెలియలేదట.

అంతకుముందు మంగళవారం, ఆపరేషన్ ఫైలు మా చేతికిచ్చారు. చీటీ కనిపిస్తే చదవడం నాకు ఉద్యోగం నేర్పిన రోగం. మా దగ్గరికి గుప్పెడు విత్తనాలు వచ్చినా వాటితో చీటీ ఉండాలి: ఏ పొలం, అంతకుముందు ఏ పంట, ఏ తెగులు. చీటీ ఖాళీగా ఉంటే సంచి మూతి కూడా విప్పం. ఫైల్లో పళ్ల డాక్టరు లాబుకు రాసిన ఫారం నకలుంది. దాని మీద మూడే మూడు వరసలు. చిగురు వాపు. దారం కొరికే అలవాటు. పాత జబ్బులు: లేవు.

ఆ చివరి మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. ఐదేళ్ల కిందట అత్తయ్యకు పెద్దపేగులో కణితి తీశారు. నేను ఆ ఇంటికి రాకముందు సంగతి. మా ఆయన ఒకసారి చెప్పాడు, బొడ్డు కింద ఆ నిలువు మచ్చ నేనూ చూశాను. మూడేళ్లు పరీక్షలకు తిరిగాక, అంతా శుభ్రంగా ఉంది, ఇక రానక్కర్లేదు అన్నారట. అందరం మర్చిపోయాం.

ఎవరూ అడగలేదా అత్తయ్యా అంటే, షుగర్ ఉందా బీపీ ఉందా అన్నారు, లేవన్నాను అంది. పొట్టలోది ఎప్పుడో తీసి పారేశారు, దానికీ పంటికీ ఏం సంబంధమని ఆమె అనుకుంది. ఆమె అనుకోవచ్చు. ఆమె చొక్కాలు కుడుతుంది. వీళ్లు అనుకోకూడదు.

సర్జన్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన తల కూడా ఎత్తకుండా, పేగెక్కడ, దవడెక్కడ అన్నాడు. పేగు కణితి దవడకు వెళ్లడం చాలా అరుదు, లాబువాళ్లు మాట మారిస్తే తప్ప తేదీ మార్చను అన్నాడు. అరుదు అంటే అసలు జరగదని కాదు కదండీ అన్నాను. తరవాతి పేషెంటును పిలిచాడు.

లాబువాళ్లకు చూపించాలంటే పాత రిపోర్టు కావాలి. ఇల్లంతా వెతికాను. అత్తయ్య కాసేపు చూసి గోడ మేకులకేసి గడ్డం ఎత్తింది. ఆవిడకు గట్టి కాగితం దొరికితే నమూనా కత్తిరించే అలవాటు. పేగు ఆపరేషన్ ఫైలంతా కాలర్లూ జేబులూ అయిపోయింది. ఇలా చేశారేంటి అత్తయ్యా అన్నాను.

"ఇక రానక్కర్లేదన్నారుగా. దాచుకోవడానికి అదేమైనా డిగ్రీ పట్టానా?"

నేలమీద కూర్చుని ముప్పై నమూనాలు తిరగేశాం. అప్పటి లాబు నంబరు సగం పదేళ్ల పిల్లల కాలరు మీద, మిగతా సగం ఆఫీసు చొక్కా జేబు మీద దొరికింది. రెండూ పక్కపక్కన పెడితే అతుకు కుదిరింది. కొలత ఎంత బాగా కత్తిరించానో చూశావా అంది అత్తయ్య. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

లాబు ఆసుపత్రి వెనక, లిఫ్టు ఆగని చోట ఉంది. అక్కడి డాక్టరమ్మ సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఉంది. కాలరూ జేబూ టేబుల్ మీద పరిచాను. ముందు నవ్వింది, నంబరు చదివాక నవ్వు పోయింది. మొదట ఒక్కటే అడిగింది, కింది పెదవి మొద్దుబారిందా అని. అవునన్నాను. అయితే దవడ ఎముక లోపలి నరాన్ని ఏదో నొక్కుతోందని చెప్పింది. గడ్డ చిగురు మీద పుట్టి లోపలికి పోలేదు, ఎముకలోంచి బయటికి తోసుకొచ్చింది.

"అంటే దారం వల్ల కాదు?"

"దారానికీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా."

ఆమె చెప్పింది ఇది. పేగు గోడలోనూ గ్రంథి కణాలే ఉంటాయి, అద్దం కింద ఒకేలా కనిపించవచ్చు. పేగు కణితి కణాలు రక్తంలో పడి మామూలుగా కాలేయానికో ఊపిరితిత్తులకో పోతాయి, ఎప్పుడో ఒకసారి దవడకూ పోతాయి. పాత కణితి సంగతి ఫారంలో ఉండి ఉంటే మొదటి రోజే ఆ అనుమానం వచ్చేది. అప్పటి పేగు ముక్క ఇప్పటికీ మైనపు దిమ్మలో భద్రంగా ఉందట. ఐదేళ్లుగా, పేగు ఆపరేషన్ జరిగిన ఆ ఆసుపత్రిలోనే, రెండు అంతస్తుల కింద. ఎవరూ ఒక్క నంబరు అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె నన్ను పిలిచి చూపించింది. ఒక స్లైడు ఐదేళ్ల నాటి పేగుది, ఒకటి మొన్నటి చిగురుది. పేగునుంచి వచ్చిన కణాలు పట్టుకునే రంగు వేస్తే రెండూ ఒకేలా గోధుమరంగుకు తిరిగాయి. నాలాంటి గింజల పిల్లకు కూడా అవి ఒకే పొలంవని తెలిసింది. ఆమె రిపోర్టు మార్చి సంతకం చేసింది. సర్జన్ సోమవారం ఆపరేషన్ కొట్టేశాడు. ఆయన గది బయట గంటన్నర నిలబడ్డాం, ఒక నర్సు వచ్చి చెప్పింది.

తర్వాత తీసిన స్కాన్‌లో కాలేయంలోనూ రెండు చిన్న మచ్చలు కనిపించాయి. అందుకే దవడ కోసినా ఒరిగేదేమీ ఉండేది కాదు. ముఖం పోయేది, జబ్బు మిగిలేది. ఇప్పుడు పేగు కణితికి ఇచ్చే మందు నరంలోకి ఎక్కిస్తారు, నొప్పి తగ్గడానికి దవడకు కరెంటు, అదే రేడియేషన్, పెడతారు. పూర్తిగా నయమవుతుందని ఎవరూ అనలేదు. అలా అననివాళ్లనే నేనిప్పుడు నమ్ముతున్నాను.

దవడకు కరెంటు పెట్టేముందు పళ్లన్నీ చూపించుకు రమ్మన్నారు. అలా మళ్లీ ఆ పళ్ల డాక్టరు కుర్చీలోనే కూర్చోవాల్సి వచ్చింది. కొత్త రిపోర్టు ఆయనకు ముందే పంపాను. చదివాడో లేదో, దీపం దగ్గరికి లాగుతూ, దారం కొరకడం మానేశారా అమ్మా అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య చెయ్యెత్తి నన్ను ఆపింది. నా సంచిలోంచి పాత ఫారం తీసుకుని ఆయన ముందు పెట్టింది.

"ఈ లైను కొట్టేయండి."

అది పాత కాగితం, ఇప్పుడు దానితో పనేముంది అన్నాడు ఆయన.

"కుట్టు తప్పు పడితే నేను విప్పి మళ్లీ కుడతాను డాక్టరుగారూ. పాత చొక్కా కదా, వదిలేయండి అని ఏనాడూ ఎవరికీ చెప్పలేదు."

ఆయన పెన్ను తీసి దారం మాట మీద గీత కొట్టాడు. కింద 'లేవు' కొట్టేసి, పెద్దపేగు కణితి, ఐదేళ్ల కిందట, ఆపరేషన్ అయింది అని రాశాడు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ప్రతి అక్షరం చదివింది. సంతకం కూడా చేయించింది. అప్పుడు గానీ నోరు తెరవలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన యూనిఫాం చొక్కాకు ఊడిన గుండీ కుట్టడానికి కూర్చుంది. నేను కొని తెచ్చిన చిన్న కత్తెర పక్కనే పెట్టాను. దాన్ని చూసింది, నన్ను చూసింది. దారాన్ని ఈసారి కుడివైపు పళ్ల మధ్యకు జరుపుకుంది.

టక్కుమంది.