ఎవ్వలదీ గాని నేల

దీపికకు సన్మానమంటే నస్పూర్ గని కార్మికుల కుటుంబాలన్నీ కదిలివచ్చాయి. శంకరవ్వ బిడ్డ అంటార్కిటికాలో కొన్ని నెలలుండి, అక్కడి రాళ్లను పరిశోధించి వచ్చింది మరి.

సభ ఖర్చు పెట్టుకున్న బొగ్గు గనుల కాంట్రాక్టర్ కరుణాకర్ మైకు అందుకుని, బడికి సైన్స్ ల్యాబ్ కట్టిస్తానన్నాడు. చప్పట్లు ఆగాక దీపిక వైపు తిరిగాడు.

“ఆడ బొగ్గున్నదట గదా. రేపు మనమే తవ్వుకుంటమని చెప్పు బిడ్డా, పిలగాండ్లు ఇని సంబురపడ్తరు.”

దీపిక లేచి మైకు తీసుకుంది. “బొగ్గున్నది. కానీ తవ్వద్దు సార్. ఆ నేల మనది గాదు, ఎవ్వలదీ గాదు.”

“తవ్వద్దన్న గా దేశాల ఒప్పందం రెండువేల నలభై ఎనిమిదిల అయిపోతదట గదా!”

“అయిపోదు. గప్పుడు మళ్ల మాట్లాడుదమని అడగచ్చు, గంతే. ఏడు దేశాలు మాదంటే మాదన్నయి. పందొమ్మిది వందల యాభై తొమ్మిదిల అందరు కూసొని ఆ కొట్లాట పక్కకు పెట్టిండ్రు. ఫౌజు యుద్ధపు పనికి పోవద్దన్నరు, అణుబాంబులు పేల్చద్దన్నరు. తర్వాత గనులు తవ్వుడు గూడ బంద్ అన్నరు. మన దేశం గూడ ఒప్పుకున్నది.”

కరుణాకర్ దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. “జర సోంచాయించి మాట్లాడు. ల్యాబ్ నా చేతిల ఉన్నది.”

ముందు వరుసలో బడిపిల్లలు కూర్చున్నారు. దీపిక వాళ్ల వైపు చూసింది. అయినా మైకులోనే అడిగింది. “ల్యాబ్ కోసం అబద్ధం చెప్పమంటరా?”

కరుణాకర్ మైకువాళ్లకు చేయి ఊపగానే మైకు ఆగిపోయింది.

ఆడవాళ్లలోంచి తల్లి శంకరవ్వ లేచింది. “మైకు లేకున్నా ఇంటం, చెప్పు బిడ్డా. ఎవ్వలదీ గాకుంటే ఆడ ఎవ్వల మాట నడుస్తది?”

దీపిక వేదిక దిగి వాళ్ల మధ్య నిలబడింది. “ఒప్పందంల ఓటున్న దేశాలన్నీ ఒప్పుకుంటెనే ఏ మాటైన నడుస్తది అవ్వా. ఒక్కలు వద్దన్నా ఆగుతది. ఆడ మేమున్న పరిశోధన స్టేషన్‌కు వేరే దేశపోళ్లు ఎప్పుడన్న వచ్చి తనిఖీ జేయచ్చు. వాళ్లది మనం జేయచ్చు.”

“నేను పుట్టిపెరిగిన అవ్వగారి ఊరిని ఓపెన్‌కాస్ట్ గని కింద తవ్వినప్పుడు వద్దన్న మా మాట ఎవ్వలిన్నరు?” అంది శంకరవ్వ కరుణాకర్‌ను చూస్తూ.

అతను వేదిక దిగిపోయి కారెక్కాడు. ల్యాబ్ మాట మళ్లీ ఎత్తలేదు.

పిల్లలకు తన వల్లే నష్టం జరిగిందని దీపిక కుమిలిపోయింది. శంకరవ్వకు కోపమొచ్చింది.

“వాని దయ మనకెందుకు? సర్కారు బడికి సర్కారే కట్టాలె. నడువు!”

తల్లులంతా కలెక్టరాఫీసుకు పోయారు. ‘చూస్తాం, పొండి’ అన్నారక్కడ.

“చూసిందాక ఈడనే ఉంటం,” అని శంకరవ్వ మెట్ల మీద కూర్చుంది. దీపిక ఆమె పక్కనే చతికిలబడింది.