అరణంలో ఆఖరిది

నాగవ్వ దంచుతున్నది పెండ్లి పసుపు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నాలుగో కుంచం రోట్లో పడింది. అరచేతుల్లో బొబ్బలు చిట్లి, చిట్లిన చోటల్లా పసుపే మందై అంటుకుపోయింది. రోలు చుట్టూ ఇంకో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. రోజుకు రూపాయి కూలి, మధ్యాహ్నం ఇంత జొన్నగటక. బజారులో సన్నబియ్యం కిలో రూపాయి దాకా వచ్చిన ఏడాది అది. పొద్దంతా దంచిన మనిషి, ఆ పెండ్లిలో వండే బియ్యం సాయంత్రానికి ఒక్క కిలో కొనుక్కోగలదు, ఉప్పూ కారం వద్దనుకుంటే.

ఆ ఇల్లు హనుమంతరావుది. మందమర్రి బొగ్గు బాయిల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు ఆయన అడవి కాంట్రాక్టుల నుంచే పోతాయి. ఇరవై ఏండ్ల కింద గొడ్డలి భుజాన వేసుకుని అడవికి నడిచిపోయేనాడు ఆయన ఉత్త హనుమంతయ్య. రెండు లారీలు కొన్నాక హనుమంతయ్య సారు. మేడ లేచాక హనుమంతరావు. ఒక్కగానొక్క బిడ్డ సరోజనకు పెద్దగట్టుపల్లి దొరల గడి సంబంధం కుదిరిన నాటి నుంచి మాత్రం, కూలోళ్ళంతా తనను దొరా అని పిలవాలని మేస్త్రీ చేత చెప్పించాడు. చెప్పించుకుని పిలిపించుకునే మర్యాద ఎంత రుచిగా ఉంటుందో ఆయనకే తెలియాలి.

గడి సంగతి చూస్తే అదీ అంతంతమాత్రమే. పోలీసు చర్య నాటికే గోడలు బీటలువారాయి. వెట్టి పోయింది. ఉన్న భూమి కూడా పోతుందని కొత్త చట్టం భయపెడుతున్నది. పెండ్లికొడుకు ప్రతాపరావుకు ముప్పై అయిదేండ్లు. పట్నంలో వకీలు చదువు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు వదిలేశాడు. ఇప్పుడు పంచాయతీ సమితి ప్రెసిడెంటు కావాలని మనసు పడ్డాడు, దానికి డబ్బు కావాలి. హనుమంతరావుకు డబ్బుంది, గడి లేదు. కులం ఒక్కటే కనుక బేరానికి అడ్డం లేకపోయింది. ఒకరినొకరు లోలోపల చీదరించుకుంటూనే వియ్యంకులయ్యారు. మధ్యలో ఒక ఆడపిల్ల ఉందన్న మాట ఎవరికీ గుర్తురాలేదు.

గడి నుంచి అరణం పట్టీ వచ్చింది. అరణమంటే పెండ్లికూతురి వెంట పుట్టింటివాళ్ళు సాగనంపే సొత్తు. అంబాసిడర్ కారు, రేడియో, నలభై తులాల బంగారం, నాలుగు పాడిబర్రెలు, పందిరిమంచం, ఇత్తడి గంగాళాలు. హనుమంతరావు వారం తిరక్కుండా అన్నీ తెప్పించి పడేశాడు. పట్టీలో ఆఖరిది మాత్రం ఏ దుకాణంలోనూ దొరికేది కాదు. ఆయన భార్య రత్నమ్మ రెండు రోజులు ఆలోచించి, నాగవ్వను పిలిచి, నీ బిడ్డ దేవవ్వను సరోజన వెంట పంపమని అడిగింది. అడిగిందంటే అడిగిందని కాదు, పంపుతున్నావని చెప్పింది.

నాగవ్వ సంతోషంగానే ఒప్పుకుంది. మామూలు ఇండ్లలో పెండ్లికూతురికి తోడుగా ఒక పిల్ల పోతుంది, పదహారు రోజుల పండుగ కాగానే కొత్త చీరె కట్టుకుని తిరిగివస్తుంది. తానూ చిన్నప్పుడు అలా ఎవరి వెంటనో పోయి వచ్చింది. ఇదీ అంతే అనుకుంది. దేవవ్వకు పద్దెనిమిదేండ్లు. మందమర్రిలో బొగ్గు నింపే కొమురెల్లికి ఇస్తామని మాట అనుకున్నారు. నాగవ్వ మొగుడు పోయిన ఏడాదే ఆ లగ్గం కావలసింది. హనుమంతరావు లారీ మీది నుంచి దొర్లిన దుంగ కింద పడి మొగుడు పోయాడు, లగ్గం ఆగింది. ఆ ప్రాణానికి బదులుగా రెండు బస్తాల జొన్నలు, కలప డిపో వెనక గుడిసె వేసుకోను జాగా దొరికాయి. హోలీ వెళ్ళాక బిడ్డను ఒక అయ్య చేతిలో పెడితే తన పని అయిపోయినట్టే అని నాగవ్వ రోజులు లెక్కపెట్టుకుంటున్నది.

పసుపు దంచుతున్న ఆ మధ్యాహ్నమే గడి నుంచి ఆడవాళ్ళు వచ్చారు, అరణం సరిగా ఉందో లేదో ముందే చూసుకోవడానికి. వాళ్ళ వెంట చంద్రవ్వ అని ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి, చేతులకు వెండి కడియాలు, నోటి నిండా తమలపాకు. దేవవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తే, చంద్రవ్వ చెంబు పక్కన పెట్టి పిల్ల గదుమ పట్టి పైకెత్తింది. పండ్లు చూసింది. కొప్పు విప్పి వెంట్రుకలు ఎంత పొడుగున్నాయో చూసింది. సంతలో కోడెదూడను చూసినట్టు ఇదేం చూపని నాగవ్వకు ఒళ్ళు మండింది గానీ, వియ్యాలవారి మనిషి కదాని నోరు మూసుకుంది.

"మంచిగున్నది," అంది చంద్రవ్వ. "ఏడ్వద్దని చెప్పుండ్రి. నేనొచ్చినప్పుడు ఆర్నెల్లు ఏడ్చిన. ఏడ్చి కండ్లు ఖరాబు చేసుకున్న."

"పదారు రోజులకేమి ఏడుస్తదక్కా?" అంది నాగవ్వ. "హోలి ఎల్లినంక దాని లగ్గం పెట్టుకున్నం."

చంద్రవ్వ నమలడం ఆపింది. దేవవ్వను చెంబు లోపల పెట్టి రమ్మని పంపి, రోలు పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. నీకెవ్వలు చెప్పలేదా అని అడిగింది. తర్వాత గొంతు పెంచకుండా, వానలు ఎప్పుడు పడ్డాయో చెప్పినట్టు చెప్పుకుపోయింది. ఈ పిల్ల ఈడులోనే తాను ఇంకో గడి నుంచి, పెండ్లికొడుకు తల్లి పెద్దదొరసాని పల్లకి వెనక నడిచి వచ్చిందట. అలా వచ్చినదాన్ని ఆడబాప అంటారట. ఆడబాపకు లగ్గం ఉండదు. పగలు దొరసాని పని. పొద్దుగూకినాక దొర పిలిస్తే దొర, దొర ఇంటికి వచ్చిన చుట్టం పిలిస్తే చుట్టం. తనకు నలుగురు పుట్టి ఇద్దరు దక్కారు.

"పెద్దోడు గడిల బర్రెల్ని పిండుతడు. మొకం చూస్తె అచ్చం దొరే. దొరను బాపు అనరాదు వాడు. దొరా అనాలె."

నాగవ్వ చేతిలో రోకలి అక్కడే ఆగిపోయింది. పక్కనున్న కమలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎప్పుడో వెనకటి కాలంలో ఉండేదని విన్న సంగతి, కొత్త కారు ఎక్కి తమ వాకిట్లోకి వచ్చి నిలబడిందని వాళ్ళు అనుకోలేదు.

పోయేముందు చంద్రవ్వ ఇంకో మాట కూడా చెప్పింది. సాగనంపేటప్పుడు తల్లి నలుగురి ముందు బిడ్డ చేయి పట్టుకుని పెద్దదొరసాని చేతిలో పెట్టాలి, ఇచ్చిన అని మూడుమాట్లు అనాలి. తల్లి అనకపోతే గడి ఆ పిల్లను ముట్టదు. గుంజుకున్నారన్న మాట గడికి రాకూడదని తరాలుగా వస్తున్న ఆనవాయితీ అది.

"అననోళ్ళు ఎవరన్న ఉన్నరా అక్కా?"

"నాకెరుకల లేరు," అని చంద్రవ్వ లేచి కడియాలు సవరించుకుంది.

నాగవ్వ చేతులు కూడా కడుక్కోకుండా మేడ మీదికి పోయింది. సరోజన ఆమె చేతుల మీద పెరిగింది. దేవవ్వనూ సరోజననూ ఒక్క ఉయ్యాలలో ఊపిన రోజులున్నాయి. ఈ పిల్లకు ఈ ఘోరం తెలిసి ఉండదని, తెలిస్తే తల్లిదండ్రుల మీద ఇంతెత్తున లేస్తుందని నాగవ్వ ఆశ. మెట్రిక్ దాకా చదువుకున్న పిల్లాయె. సరోజన అద్దం ముందు కూర్చుని ఉంది. నాగవ్వ చెప్పిందంతా విన్నది. అద్దం మీంచి చూపు తిప్పలేదు.

"నాకెరుకే," అంది.

అద్దంలోకి చూస్తూనే సరోజన చెప్పుకుపోయింది.

"నాకైతె గా ఇంట్ల ఎవరు తెలుసు నాగవ్వా? గా మనిషికి ముప్పై అయిదేండ్లు, ఎసొంటోడో ఏమో. పిల్లను తోలుకరాకపోతె గడిల నన్ను దొరసాని అనరట, కట్టెలమ్మేటోని బిడ్డ అంటరట. ఎట్లయినా వాళ్ళకు ఒకతి ఉంటది. గా ఒకతి దేవి అయితె నా మాట ఇంటది, నా మీదికి ఎక్కదు." కొంచెం ఆగి, "దానికి నేను ఏం తక్కువ చెయ్య. నా చీరెలన్ని దానికే ఇస్త," అంది.

ఆ గొంతులో భయం ఉంది. నాగవ్వకు అది వినిపించింది కూడా. కానీ తన భయానికి ఇంకో ఆడపిల్లను అడ్డం పెట్టుకుని వెనక దాక్కునేదాన్ని చూసి జాలిపడే ఓపిక ఆమెకు ఆ పూట లేదు. మెట్లు దిగి వచ్చేసింది.

దేవవ్వకు చెప్పక తప్పలేదు. పిల్ల గోడకు ఆనుకుని విన్నది, ఏడవలేదు. కొమురెల్లి దగ్గరికి ఇప్పుడే పంపేస్తే అన్న ఆలోచన నాగవ్వకు రాకపోలేదు. పారిపోయిన పిల్ల మీద పెండ్లి ఇంట్లో బంగారం పోయిందని కేసు రాయించడం హనుమంతరావుకు ఎంతసేపు? పోలీసు జమేదారు ఆయన ఇంట్లో భోంచేసి పోయే మనిషి. ఇద్దరినీ లాక్కొచ్చి, దొంగతనం మాఫీ చేస్తాను, ఇచ్చిన అనమంటాడు. అనకపోతే గుడిసె పోతుంది, కూలి పోతుంది, ఈ ఊళ్ళో ఇంకెవరూ పనికి పిలవరు. ఇవన్నీ నాగవ్వ పైకే అనుకుంటూ పోయింది.

"నువ్వు అంటవా అవ్వా?" అని మాత్రం అడిగింది దేవవ్వ.

నాగవ్వ ముఖం తిప్పుకుని పొయ్యి ముట్టించడానికి పోయింది. అలా లేచి పోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మరునాడు లగ్గం అయింది. మధ్యాహ్నం ఎండలో సాగనంపుడు. పూలదండలు వేసిన కారులో సరోజన కూర్చుంది, పక్కన పెండ్లికొడుకు నిద్రమొహంతో సిగరెట్ కాలుస్తున్నాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని పెద్దదొరసాని కూర్చుంది. కూలి ఆడవాళ్ళు పన్నెండు మంది అరణం సామాను తలల మీద పెట్టుకుని వరసగా నిలబడ్డారు. గడి గుమాస్తా లింగమూర్తి పట్టీ చదువుతున్నాడు, చదివిన వస్తువును దొరసాని ముందు చూపించి లారీ ఎక్కించాలి. కారు చదివారు, బంగారం చదివారు, బర్రెలు చదివారు. ఇత్తడి సామాను ఇంకా తలల మీదే ఉంది. పిల్ల సంగతి ముందు కానిద్దామని, ఎండకు తల నొస్తున్నదని దొరసాని అంది.

"అరణం పిల్ల," అని చదివాడు లింగమూర్తి.

నాగవ్వ బిడ్డ మణికట్టు పట్టుకుని ముందుకు వచ్చింది. రత్నమ్మ ఇచ్చిన కొత్త చీరె కట్టలేదు, పిల్ల ఇంట్లో కట్టుకునే మాసిన చీరెలోనే ఉంది. దొరసాని పిల్ల ముఖం చూడకుండానే చేయి చాపింది. చాపిన ఆ చేయి మెత్తగా, తెల్లగా ఉంది. ఆ చేయి ఎన్నడూ రోకలి పట్టలేదని నాగవ్వకు తోచింది, తోచగానే కోపం తన్నుకొచ్చింది.

"ఇయ్యలే," అంది.

లింగమూర్తి సరిగా వినబడలేదన్నట్టు చూశాడు. హనుమంతరావు నవ్వుతూ దగ్గరికి వచ్చాడు. ఆయనకు ఇది కూలి పెంచమని చేసే పేచీలాగే కనబడింది. పిల్లకు నెలకు పన్నెండు రూపాయలు ఇద్దామనుకున్నా, ఇరవై చేస్తానన్నాడు. నాగవ్వ బిడ్డ మణికట్టు వదలలేదు. యాభై అన్నాడు. వియ్యపురాలు చూస్తున్నది, ఆయనకు చెమట పట్టింది. గొంతు తగ్గించి, గుడిసె జాగా నీ పేరు మీద రాయిస్తా, ఇప్పుడే కాయితం తెప్పిస్తానన్నాడు.

ఆ మాటకు నాగవ్వ ఒక్క క్షణం కండ్లు మూసుకుంది. మొగుడు పోయిన నాటి నుంచి ఆమె దేవుణ్ణి అడిగిన కోరిక అదొక్కటే.

"మూడుమాట్ల అనాల్నట గద," అంది కండ్లు తెరిచి. "ఇయ్యలే. ఇయ్యలే. ఇయ్యలే."

కారులోంచి సరోజన తల బయటికి పెట్టి, దేవీ రావే, నన్నొక్కదాన్నే పంపకే అని పిలిచింది. దేవవ్వ అటు చూసింది. ఒక్క ఉయ్యాలలో ఊగిన పిల్ల, చూడకుండా ఎలా ఉంటుంది? చూసింది గానీ అడుగు తీయలేదు. తల్లి పట్టుకున్న మణికట్టును తిప్పి, తానే తల్లి చేతిని గట్టిగా పట్టుకుంది.

దొరసాని చాపిన చేయి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. అరణం పూర్తి కాకుండా తమ ఇంటి కోడలు గడి గడప తొక్కదని, ఇలాంటివన్నీ తరాల నుంచి దొరలుగా ఉన్నవాళ్ళకే సాధ్యమని హనుమంతరావు ముఖం మీదే అంది. వాకిలి నిండా చుట్టాల ముందు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఆయన మర్యాద మరిచిపోయాడు. పొద్దుగూకేలోపు గుడిసె ఖాళీ చెయ్యమని నాగవ్వ మీద అరిచాడు. చేస్తానని నాగవ్వ చెప్పింది. ఆ మాట చెప్పడం ఇంత తేలికని ఆమెకు అంతకుముందు తెలియదు.

హనుమంతరావు ఆమెను వదిలి వరస వైపు తిరిగాడు. మొదట కమలవ్వ ఉంది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదాన్ని పంపు, నూరు రూపాయలు చేతిలో పెడతానన్నాడు. కమలవ్వ ఈ పదేండ్లలో ఆ మనిషికి కాదన్న మాట చెప్పి ఎరగదు. ఆమె నెత్తి మీది బిందె రెండు చేతులతో పట్టి మెల్లగా నేల మీద పెట్టింది. "నాకు బిడ్డలు లేరు దొరా," అని వరస లోంచి పక్కకు జరిగి నాగవ్వ దగ్గరికి పోయి నిలబడింది.

రెండో మనిషి యాదవ్వ. నూటయాభై అన్నాడు. ఆమె గంప దించి కమలవ్వ పక్కకు పోయింది. మూడో ఆమెకు బిడ్డే లేదు, ఉత్త కొడుకులే. ఆమె కూడా దించింది.

ఎండ మండుతున్నది. కారు ఇంజను ఆపలేదు, ఆపమని చెప్పేవాడు లేడు. హనుమంతరావు రూపాయల కట్ట చేతిలో పట్టుకుని నాలుగో ఆమె ముందుకు వచ్చాడు. ఆయన ఇంకా నోరు తెరవలేదు. ఆమె అప్పటికే వంగి, తల మీది గంగాళం దించుతున్నది.