రెండో పూత

దవాఖాన మోటారుకు నల్ల చక్రాలు. లెవీ గింజలు వసూలు చేసే సర్కారు మోటారుకూ నల్ల చక్రాలే. యుద్ధం నడిచే ఆ రోజుల్లో మా పల్లెల మొఖాన తిరిగే మోటార్లు ఆ రెండే. దూరం నుంచి చూస్తే ఏది మందులు తెచ్చేదో, ఏది గరిసెలు ఊడ్చుకుపోయేదో తెలిసేది కాదు. గింజలు లేవన్నవాళ్లను సర్కారు మనుషులు కొట్టి పట్టుకుపోయేవాళ్లు. అందుకని చప్పుడు వినబడగానే జనం ఆముదపు చేలల్లో దాక్కునేవాళ్లు.

పోయిన ఏడు ఎర్రదిన్నెలో నాగులమ్మకు నొప్పులు మొదలైతే, కబురందుకుని డాక్టరమ్మ మోటారులో బయలుదేరింది. ఆ చప్పుడుకు ఊరంతా లేచిపోయింది. మొగుడు మల్లన్న నాగులమ్మను ఎత్తుకుపోయి చేలో పడుకోబెట్టాడు. మోటారు వచ్చి, ఊళ్లో మనిషి జాడ లేక, చాలాసేపు ఆగి తిరిగిపోయింది. బిడ్డ దక్కలేదు. వచ్చింది దవాఖాన మోటారని వాళ్లకు మరునాడు తెలిసింది.

నాగులమ్మకు ఒక్కడే అన్న, సోమన్న. కట్టంగూర్ దగ్గర వడ్రంగి పని. బండి చక్రాలు చేసి రంగు వేస్తాడు. మాట తక్కువ. చెల్లె మళ్లీ నీళ్లోసుకుంది. నెలలు నిండుతున్నాయనగా ఒక రోజు బాడిసె పక్కన పెట్టి దవాఖానకు నడిచిపోయాడు.

“అమ్మా, మోటారు చక్రాలకు పసుపు రంగేస్త,” అన్నాడు.

“ఎందుకయ్యా?” అంది డాక్టరమ్మ.

“దూరంకెళ్లి ఎరుకైతది, సర్కారోళ్లది కాదని.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎర్రదిన్నె ఆమె కూడా మరిచిపోలేదు. పట్నం నుంచి రంగు డబ్బా తెప్పించింది.

సోమన్న సంతకు పోయి ఎర్రదిన్నె వాళ్లు కనబడితే చాలు, ఆపి చెప్పాడు. “పసుపు చక్రాలది దవాఖానది. ఉరకకుండ్రి.” అన్ని మాటలు అతను ఎన్నడూ ఒకేచోట మాట్లాడలేదు.

మోటారును దవాఖాన వెనక వేపచెట్టు నీడకు తెచ్చి, డ్రైవరు యోహాను చక్రాలు విప్పి ఇచ్చాడు. పాతకాలం బండి కాబట్టి దాని చక్రాలకు కూడా నడుమ నుంచి అంచుదాకా కట్టె ఆకులే. సోమన్న ఒక్కొక్క ఆకును వేలితో తడిమి చూశాడు. గాజు పెంకుతో నల్లరంగు గీకాడు. గరుకు కాగితంతో రుద్దాడు. గుడ్డతో దుమ్ము తుడిచి పసుపు పూశాడు.

“ఏం సోమన్నా, పెండ్లికొడుకును చేస్తున్నవా నా మోటారును?” అన్నాడు యోహాను. “బాసింగం గూడ కట్టు, ఓ పనైపోతది.”

సోమన్న కుంచె ముంచి తర్వాతి ఆకు అందుకున్నాడు.

ఎండకు రంగు చక్కగా ఆరింది. ఆరినాక చూస్తే కొంచెం వెలిసినట్టుంది, మెరుపు లేదు. సోమన్న దూరం పోయి చూశాడు. ఇంకా దూరం పోయి చూశాడు. మోటారు ఊరి బయటి దిన్నె ఎక్కితే, కింద ఊళ్లో ఉన్న చెల్లెకు ఈ పసుపు కనబడుతుందా, కనబడదా? ఆ ఆలోచన అతన్ని నిలవనీయలేదు. కొత్త బండి చక్రం మెరవాలంటే చివర్న ఆముదం రాస్తాడు. కట్టె పీల్చుకుని నిగనిగలాడుతుంది. ఆ చేతి అలవాటు కొద్దీ, డబ్బాలో మిగిలిన రంగులో ఆముదం కలిపి ఇంకో పూత వేశాడు. చక్రాలు బంగారంలా మెరిశాయి.

తెల్లారి తాకితే వేలికి అంటింది. కింద రంగు ఉంది కదా, ఆముదాన్ని పీల్చుకోవడానికి కట్టె ఎక్కడిది?

“ఇంకా పచ్చిగనే ఉన్నదేందయ్యా?” అన్నాడు యోహాను.

“ఎండెక్కితే ఆరుతది.”

ఎండెక్కింది. ఆరలేదు. అంతలోనే ఎర్రదిన్నె నుంచి కబురొచ్చింది, నాగులమ్మకు నొప్పులని. డాక్టరమ్మ సంచీ పట్టుకుని వచ్చేసింది. యోహాను చక్రాలు బిగించాడు. సోమన్న ఎవరినీ అడగకుండానే మోటారు ఎక్కాడు.

దారి పొడుగునా ఎర్రమట్టి. లేచిన దుమ్ము లేచినట్టే చక్రాలకు అతుక్కుంది. దిన్నె ఎక్కేసరికి పసుపు జాడ లేదు. ఆముదంలో నానిన మట్టితో చక్రాలు దూరానికి మళ్లీ నల్లగానే కనబడుతున్నాయి. కింద ఊళ్లో కేకలు మొదలయ్యాయి. గొర్లను తోలుకుంటూ, పిల్లలను చంకనేసుకుంటూ జనం చేలవైపు పరుగు తీస్తున్నారు.

“ఆపు!” అని సోమన్న కిందికి దూకాడు.

“ఓ మల్లన్నా! నేనే!” అని అరిచాడు. ఎదురుగాలి. ఆ అరుపు అతని దగ్గరే పడిపోయింది. తలపాగా ఊడదీసి ముందు చక్రం దగ్గర కూర్చుని తుడవసాగాడు. మట్టీ జిగటా గుడ్డకు ముద్దగా అంటుకొచ్చాయి. అడుగున మొదటి పూత ఉంది. మెరుపు లేదు, పసుపు మాత్రం పసుపే.

“రాయ్యా, ఊళ్లకు పోదాం!” అన్నాడు యోహాను.

“పోతె ఇంకా ఉరుకుతరు. జరాగు.”

కింద మల్లన్న పెండ్లాం రెక్క పట్టుకుని చేను గట్టుదాకా నడిపించాడు. అక్కడ నాగులమ్మ కడుపు పట్టుకుని ఆగింది. దిన్నె వైపు చూసింది.

“నడువే, పట్టుకపోతరు!” అన్నాడు మల్లన్న.

“జర సూడు. సర్కారోళ్లు చక్రం తుడుస్తరా?”

“తుడుస్తె తుడువనీ! నువ్వు నడువు.”

“ఎడమ మోకాలు నేలకానిచ్చి కూసున్నడు సూడు. మా అన్న గట్లనే కూసుంటడు. ఇగ నేను రాను. నువ్వు దాసుకుంటవా, దాసుకో పో.”

ఆమె గట్టు మీద కూలబడి చెయ్యి పైకెత్తి ఊపింది. అప్పుడు మల్లన్న కూడా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. చూసి, దిన్నె మొఖాన పరుగెత్తాడు.

మోటారు దిన్నె దిగి వచ్చాక, డాక్టరమ్మ ఆ గట్టు మీదనే నాగులమ్మను చూసింది. బిడ్డ అడ్డం ఉంది, దవాఖానకు తీసుకుపోవాల్సిందే అంది. వెనక సీటులో డాక్టరమ్మ ఒళ్లో తల పెట్టుకుని నాగులమ్మ పడుకుంది. మల్లన్న ముందు ఎక్కాడు. జాగా లేక సోమన్న పక్కన మెట్టు మీద నిలబడి, కిటికీలోంచి చెల్లె చెయ్యి పట్టుకున్నాడు.

“గిదేందన్నా, చెయ్యి గింత జిగటగున్నది?”

“ఆముదం కలిపిన.”

“రంగులనా? ఎవలన్న కలుపుతరా?”

“నీకు మంచిగ కనవడాలెనని.”

నొప్పి వచ్చి ఆమె పండ్లు బిగబట్టింది. అది పోయాక కళ్లనీళ్లతోనే నవ్వింది.

“ఇడువమంటవా?” అన్నాడు సోమన్న.

“ఇడువకు.”

దవాఖానలో లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. మల్లన్న ఆ తలుపుకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. సోమన్నకు చేతులు ఏం చేసుకోవాలో తోచలేదు. బయటికి వచ్చి మిగిలిన చక్రాలు తుడవడం మొదలుపెట్టాడు. యోహాను తన కండువా ఇచ్చి, బొక్కెనతో నీళ్లు తెచ్చి పెట్టాడు.

మూడో చక్రం సగం తుడిచేసరికి లోపలినుంచి సన్నగా ఏడుపు వినబడింది. సోమన్న చెయ్యి ఆగిపోయింది. ఆ ఏడుపు ఆగి, గుక్కపట్టి, మళ్లీ పెద్దగా వచ్చింది. మల్లన్న గుమ్మంలోకి వచ్చి, “బావా, ఆడపిల్ల! ఇద్దరు మంచిగున్నరు!” అన్నాడు.

“లే సోమన్నా, పోయి సూడు,” అన్నాడు యోహాను.

“పోత,” అన్నాడు సోమన్న. కాని లేవలేదు. చక్రం అంచు పట్టుకుని, నుదురు దానికి ఆనించి అట్లాగే కూర్చున్నాడు.