పదిహేడు దగ్గర సున్నం చుక్క

మిలట్రీ నాయుడింట్లో ఆ గడియారం ఉన్నన్నాళ్లూ వీధిలో ఎవరో ఒకరి ఆయుష్షు సగానికి తెగుతుందని పక్కింటి బంగారమ్మ కుళాయి దగ్గర చెప్పిందట. మామూలు గడియారం పగలూ రాత్రీ కలిపి రెండు చుట్లు తిరుగుతుంది, ఇది ఒక్క చుట్టే తిరుగుతుంది, మిగిలిన చుట్టు ఎవరి లెక్కలోంచి లాక్కుంటుందో ఆలోచించుకోండి అందట. ఆ మాట నా గోడ దాకా వచ్చేసరికి బిందెలు నిండాయి, నవ్వులూ అయిపోయాయి. నేనూ లోపల నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

నేను ఒక గోడ గడియారాన్ని. నా ముఖం మీద ఇరవైనాలుగు అంకెలు. ఇరవైనాలుగు నెత్తిన ఉంటుంది, పన్నెండు గడ్డం దగ్గర. మధ్యాహ్నం దాటితే మీకు మళ్లీ ఒంటిగంట మొదలవుతుంది, నాకు పదమూడు వస్తుంది. మీ రెండు నాకు పద్నాలుగు, మీ అయిదు నాకు పదిహేడు. మధ్యాహ్నం దాటాక నా అంకెలోంచి పన్నెండు తీసేస్తే మీ గంట వస్తుంది. అంతకు మించి నాలో మర్మమేమీ లేదు.

నన్ను మొదట మంచుకొండల్లో ఒక సైనిక శిబిరంలో, వైర్‌లెస్ గదిలో తగిలించారు. అక్కడ అయిదు గంటలకు బండి కదులుతుందని అంటే, పొద్దున అయిదా, సాయంత్రం అయిదా అని ఒకడు పొరబడితే చాలు, ఇంకొకడు మంచులో మిగిలిపోతాడు. అందుకని ఒక గంటకు ఒకే అంకె ఉండాలని పెట్టుకున్నారు. మనుషులు పొరపాటు పడకూడదనే నన్ను పుట్టించారన్నమాట. ఆ సంగతి నాకు కాస్త గర్వంగానే ఉండేది.

హవల్దారు దాలినాయుడు పింఛను పుచ్చుకునే రోజున తోటివాళ్లు నన్ను కంబళిలో చుట్టి ఆయన చేతిలో పెట్టారు. అలా శ్రీకాకుళం జిల్లాలో ఏటి ఒడ్డునున్న ఈ ఊరికొచ్చాను. వీధిలో పోయేవాళ్లందరికీ కనబడేలా అరుగు మీది గోడకు నన్ను తగిలించాడు. ఆయన బూట్లు విప్పాడు, యూనిఫారం పెట్టెలో పెట్టాడు, నా అంకెల్ని మాత్రం నోట్లోంచి దించలేదు. పదమూడుకి అన్నం తినేవాడు, ఇరవైయ్యొకటికి పడుకునేవాడు.

ఊరికి ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. నేర్పకపోతే ఊరు ఊరుకుంటుందా, తనకు తోచింది నేర్చుకుంది. ముందున్న ఒకటిని ఎగరగొట్టేస్తే మిగిలింది మన టైము అని తీర్మానించారు. కూతురి పెళ్లి విందుకి నాయుడు పద్దెనిమిది గంటలకు రమ్మంటే ఊరంతా ఎనిమిదికి వచ్చింది. పులుసు చల్లారిపోయింది. నాయుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. మిలట్రీలో ఆలస్యమైతే ప్రాణం పోతుంది, మీకు పులుసు చల్లారింది, అదృష్టవంతులురా అన్నాడు. విందుకి ఆలస్యంగా పోవడం ఊరికి అలవాటే గనక అందుకు వెక్కిరించాడనుకున్నారు, లెక్క తప్పిందని ఒక్కరికీ తోచలేదు. ఆయనా చెప్పలేదు. చెప్పేస్తే ఆ అంకెలు ఆయనొక్కడివిగా ఉండవు మరి.

ఆయన భార్య సింహాలమ్మ మాత్రం నా లోపలి వరసలో మామూలు అంకెలు కూడా రాయించమని ఎన్నోసార్లు అడిగింది. "ఊరే నేర్చుకుంటాది, నువ్వూ నేర్చుకో" అనేవాడు. ఆమె తన దారి తను చూసుకుంది. గేదె పాలు పితికే వేళకు గుర్తుగా, తాంబూలం సున్నం వేలికి రాసుకుని నా పదిహేడు పక్కన చుక్క పెట్టేది. పొద్దున్నే ఆయన రుమాలుతో తుడిచేసేవాడు. ఆమె మళ్లీ పెట్టేది. వాళ్లిద్దరి మధ్య అదొక మాటల్లేని పోట్లాట.

ఆ ఎండాకాలం ఏరు పూర్తిగా ఎండిపోయింది. తవిటయ్య, ఆయన భార్య గవరమ్మ ఏటి ఇసకలో పుచ్చపాదులు పెట్టారు. కిందటేడు తెగులొచ్చి తీగలు తీగలుగానే మాడిపోయాయి. ఈసారి మాత్రం కాయ కుండంత దిగింది. మర్నాడు సంతకు తోలాలని కాయలు కోసి ఇసకలోనే కుప్పపోశారు.

ఆ మధ్యాహ్నం ఊరికి ఎగువనున్న ఆనకట్ట నుంచి నాయుడికి ఫోనొచ్చింది. ఊరి తరఫున కబురందుకునేది ఆయనే. తుపాకుల మోతకు ఒక చెవి పోయింది గనక ఆయన ఫోను ఎప్పుడూ ఇల్లంతా వినబడేలా పెడతాడు. కింది ఊళ్లకు తాగునీళ్లు వదలాలి, సాయంత్రం అయిదుకి గేట్లు ఎత్తుతున్నాం, ఏట్లో ఎవరూ ఉండకూడదు అన్నారు అవతలివాళ్లు. నేను విన్నాను. వంటింట్లోంచి సింహాలమ్మా విన్నది.

నాయుడు నడుం నిటారు చేసి, డప్పు పోలయ్యను పిలిచి, పదిహేడు గంటలకు నీళ్లొస్తాయని చాటమన్నాడు. పోలయ్య అలాగే చాటాడు. ఊరు ముందున్న ఒకటిని ఎగరగొట్టేసింది.

తవిటయ్య ఎడ్లబండి తోలుకుంటూ మా అరుగు ముందు ఆగాడు. "కాయలన్నీ తెచ్చీడానికి టైమున్నట్టేనా బాబూ?"

నాయుడు పేపరులోంచి తలెత్తలేదు. "గడియారం సూసుకో. పదిహేడుకి."

తవిటయ్య నా వైపు చూశాడు. నా ముల్లు పద్నాలుగు దాటి ఉంది. పొద్దు గూకేదాకా ఉందన్నమాట అని తనలో తనే గొణుక్కుని ఎడ్లను అదిలించాడు. నాకు నోరు లేదు. ఉన్నవి రెండు చేతులు, రెండూ తిరిగే పనిలోనే ఉన్నాయి.

ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. వీధిలో కుక్కలు నీడలు వెతుక్కుంటున్నాయి. నా ముల్లు సున్నం చుక్క దగ్గరికి జరుగుతోంది. ఎన్ని వేలసార్లు ఆ చోటు దాటానో, ఎప్పుడూ ఇంత బరువుగా కదల్లేదు.

సింహాలమ్మ పాలచెంబు పట్టుకుని బయటికొచ్చి నా వైపు చూసింది. సరిగ్గా అప్పుడే గవరమ్మ కాయల గంపతో వీధిలోకొచ్చింది. తవిటయ్యేడే అని సింహాలమ్మ అడిగింది.

"ఏట్లో ఉన్నాడప్పా. ఇంకో బండెడుంది. ఏడు దాకా ఉంది గదా."

చెంబు నా కిందే పడింది. ఇద్దరూ ఏటివైపు పరుగెత్తారు. గంప ఎప్పుడు జారిపడిందో, కాయలు అరుగు ముందు దొర్లి పగిలాయి. ఆనకట్ట మీద సైరను మోగింది, దాని వెనకే ఎగువ నుంచి ఇంకో చప్పుడు.

తరవాతిది విన్నదే. బండి ఇసకలో దిగబడి ఉందట. తవిటయ్య బండిని వదిలేశాడు, కాయల్ని వదిలేశాడు, ఎడ్ల మెడల మీది కాడి విప్పడానికి మాత్రం ఆగాడట. ఎడ్లు ఈదుకుంటూ గట్టెక్కాయి.

దినవారాలయ్యాక పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చున్నారు. గవరమ్మ మెట్టు దగ్గర నిలబడింది. నాయుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా వైపు వేలు చూపిస్తూ, తాను పదిహేడని స్పష్టంగా చాటించానన్నాడు. ఎదురుగా గడియారం కూడా ఉందన్నాడు. పన్నెండు తీసేయడం తెలియకపోతే తనదేం తప్పన్నాడు. పెద్దమనుషులు తలలు కిందికీ పైకీ ఆడించారు. సింహాలమ్మ గుమ్మంలో నిలబడి చూపుడువేలికి అంటిన సున్నం చీరచెంగుకి తుడుచుకుంటోంది.

ఆ సాయంత్రమే ఆమె నన్ను గోడ మీంచి దించి పశువులశాల అటక మీద, ముఖం గడ్డివైపు తిప్పి పెట్టింది. నాయుడు వద్దనలేదు. కీ ఇచ్చేవాళ్లు లేక నా చేతులు ఆగిపోయాయి. ఇక్కడ పగలూ రాత్రీ ఒకటే, ఏ అంకెలోంచీ ఏదీ తీసేయక్కర్లేదు. నా చెవిలో మిగిలింది ఆ రోజు మెట్టు దగ్గర నుంచి గవరమ్మ అన్న మాట ఒక్కటే.

"ఆల్లు నీకు అయిదనే సెప్పినారట గదా బాబూ. అయిదని సెప్పడానికి నీకేటి అడ్డొచ్చింది?"